బాక్స్ స్కోర్: సున్నాలు చెప్పే కథ

బేస్‌బాల్ మ్యాచ్ మొత్తాన్ని చిన్న పట్టికలో ఇమిడ్చే లెక్కల పత్రమే బాక్స్ స్కోర్. 19వ శతాబ్దంలో న్యూయార్క్ పాత్రికేయుడు హెన్రీ చాడ్విక్ దీనికి రూపు దిద్దాడు. పైన ఇన్నింగ్స్‌వారీ పరుగులు, ఆ వరుస చివర మొత్తం పరుగులు, హిట్లు, ఎర్రర్లు. కింద ఒక్కో ఆటగాడి లెక్క.

1956 అక్టోబరు 8న యాంకీ స్టేడియంలో జరిగిన వరల్డ్ సిరీస్ అయిదో మ్యాచ్ పత్రం చూడాలి. బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు పరుగులు, హిట్లు, ఎర్రర్లు మూడూ సున్నాలే. యాంకీస్ పిచర్ డాన్ లార్సెన్ 97 బంతులు వేశాడు. 27 సార్లు బ్యాటర్లు ఎదురొస్తే ఒక్కరినీ మొదటి బేస్ చేరనివ్వలేదు. అందులో 7 స్ట్రైకవుట్లు. అద్భుతం అనదగ్గ వరుస అది. యాంకీస్‌కు మాత్రం 5 హిట్లు, 2 పరుగులు; వాటిలో ఒకటి మికీ మాంటిల్ హోమ్ రన్. ఓడిన పిచర్ సాల్ మాగ్లీ కూడా ఎంత గట్టిగా నిలిచాడో ఆ 5 హిట్లే చెబుతాయి.