బంతిని చూడొద్దు, నీ మనిషిని చూడు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆర్మీ, నేవీ జట్లు ఆడుతుంటే నా చూపు బంతి మీద ఉండదు. డిఫెన్స్ అంచున నిలబడే ఎండ్ మీదే ఉంటుంది. ఆ జట్లు ఆడే ట్రిపుల్ ఆప్షన్ అనే ఎత్తులో బంతి ముగ్గురిలో ఎవరి దగ్గరికైనా పోవచ్చు; అందులో ఆ ఎండ్‌ని కావాలనే ఎవరూ అడ్డుకోరు. అతను లోపలికి దూకితే క్వార్టర్‌బ్యాక్ బంతి తనే ఉంచుకుని బయటికి పరిగెడతాడు, ఆగితే ఫుల్‌బ్యాక్‌కి ఇచ్చేస్తాడు. బయట ఇంకొకడు ఎదురైతే పక్కనే పరిగెత్తేవాడికి విసిరేస్తాడు.

అందుకే డిఫెన్స్‌లో ఒకరు ఫుల్‌బ్యాక్‌ని, ఒకరు క్వార్టర్‌బ్యాక్‌ని, ఒకరు ఆ మూడోవాణ్ని పట్టుకోవాలి. బంతి ఎటు పోయినా సరే, తన మనిషిని వదలకూడదు. కొందరు కోచ్‌లు ఇలాంటి జట్టుతో ఆడే వారం సాధనలో అసలు బంతే లేకుండా ఆడిస్తారు.

నాకు ప్రాణం మాత్రం డిఫెన్స్‌లో ఇద్దరు తమ మనుషుల్ని మార్చుకునే ఎత్తు. ఎండ్ లోపలికి దూకుతాడు. దారి ఖాళీ అనుకుని క్వార్టర్‌బ్యాక్ బంతి ఉంచుకుంటాడు. అప్పటికే వెనక నుంచి లైన్‌బ్యాకర్ చుట్టు తిరిగి అక్కడికి వచ్చేసి ఉంటాడు. ఎంత అందమో!

ఇంత చేసినా డిఫెన్స్‌కి ఓపిక ఉండాలి. 2018లో ఓక్లహోమాపై ఆర్మీ 60 నిమిషాల ఆటలో 44 నిమిషాలకు పైగా బంతి తన దగ్గరే ఉంచుకుంది. ఓక్లహోమా 28-21తో గట్టెక్కింది, అదీ ఓవర్‌టైమ్‌లో.