పిక్కలో దాగిన పంపు

‘సాయంత్రమయ్యేసరికి మా అత్తగారి కాళ్లకు నీరు దిగుతుంది. పాదాల కింద పెట్టుకునే కరెంటు పలక ఆ వాపు తీసేస్తుందట, నిజమేనా?’ అని ఓ పాఠకురాలు అడిగారు. కొంతవరకు నిజమే. అయితే వాపు తీసేది కరెంటు కాదు, ఆవిడ పిక్కలే.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా పెరుగుతుంది. ఆ ఒత్తిడికి సన్నని రక్తనాళాల్లోంచి నీరు ఊరి చర్మం కింద చేరుతుంది. వేలితో నొక్కితే గుంట పడేది అందుకే. కాసేపు నడిస్తే అదే ఒత్తిడి 30 దరిదాపులకు దిగిపోతుంది!

పిక్క లోపలి సోలియస్ కండరంలో వెడల్పాటి సిరలు రక్తంతో నిండి ఉంటాయి. అడుగు వేసినప్పుడల్లా కండరం బిగుసుకుని, తడిబట్టను పిండినట్టు వాటిని పిండుతుంది. మరి ఆ రక్తం పైకే ఎందుకు పోవాలి? సిరల్లో పల్చటి రెక్కల కవాటాలున్నాయి. పైకి పోయే రక్తానికి తెరుచుకుంటాయి, వెనక్కి జారబోతే మూసుకుంటాయి.

ఇటలీలోని పాడువాలో శరీర నిర్మాణ పాఠాలు చెప్పిన ఫాబ్రిసియస్ 1603లో ఈ కవాటాలను బొమ్మలతో సహా అచ్చువేశాడు. అంత బాగా చూసి కూడా పప్పులో కాలేశాడు! రక్తం కాలేయంలో పుట్టి ఒంట్లోకి పారుతుందన్న ప్రాచీన వైద్యుడు గాలెన్ మాటే ఆయనకు వేదం. అందుకే, రక్తమంతా కాళ్లలోకి దిగిపోకుండా ఆపే అడ్డుకట్టలని రాశాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే చేతికి కట్టు బిగించి, ఉబ్బిన సిర మీద వేలితో రక్తాన్ని నెట్టి చూశాడు. గుండె వైపు సాఫీగా పోయింది, కిందికి రానంది. 1628 నాటి ఆయన పుస్తకంలో ఆ చేతుల బొమ్మలు ఇప్పటికీ చూడదగ్గవి.

ఇక కరెంటు సంగతి. సెకనులో వెయ్యో వంతు కూడా లేని చిన్న తట్టు తగిలితే చాలు, నరం మేల్కొని కండరాన్ని బిగిస్తుంది. పలక చేసేదీ ఇదే. మోకాలి బయటి పక్క, ఎముక బుడిపె దగ్గర పెరోనియల్ నరం చర్మానికి ఆనుకునే పోతుంది. అక్కడ అతికించే గెకో అనే పరికరాన్ని, వేరే పద్ధతులు కుదరని రోగుల్లో రక్తం గడ్డకట్టకుండా వాడొచ్చని బ్రిటన్‌లో చికిత్సలను బేరీజు వేసే నైస్ సంస్థ 2014లో చెప్పింది. మంచం దిగలేనివాళ్లకు ఇది మంచి సాయమే. శుభ్రంగా నడవగలిగినవాళ్లకు వేలకు వేలు పోసి పలక కొనిపెట్టడమే నాకు మింగుడుపడదు. కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తి దించినా పనిచేసేది ఆ పిక్కే కదా!

గుండె, కిడ్నీ జబ్బుల వాపుకు ముందు ఆ జబ్బునే చూపించుకోవాలి. పేస్‌మేకర్ ఉంటే డాక్టరును అడగకుండా పలక జోలికి పోవద్దు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే లోపల రక్తం గడ్డకట్టిందేమో తేలేదాకా కరెంటు పెట్టనే వద్దు.