ఎడ్లను బందెలదొడ్డికి తోలిన ఏడు

మా ముత్తాత గురించి ఇంట్లో మిగిలినవి రెండే మాటలు. కరువులో పుట్టాడు. పుల్లరి గొడవల్లో ఎడ్లు పోగొట్టుకున్నాడు. ఫొటో లేదు, జాతకచక్రం లేదు, సంతకం కూడా లేదు. మాది దుర్గి వైపు మెట్ట పల్లె. జొన్న, సజ్జ పండించుకుని, అడవిలో గొడ్లు మేపుకుని బతికిన వాళ్లం.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. గురజాల, మాచర్ల, నరసరావుపేట ఆఫీసుల రికార్డు గదుల్లో ఊరి లెక్కలు తిరగేస్తూనే ఉద్యోగం గడిచింది. ఇప్పుడు మా వైపు కుర్రాళ్లు, హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్నవాళ్లు, ఊరికొచ్చినప్పుడు అడుగుతుంటారు: "బాబాయ్, మా తాతల సంగతి ఏ ఆఫీసులో దొరుకుతుంది?" ఆఫీసు తర్వాత, ముందు ఇంట్లో ముసలమ్మను అడగండి అంటాను. ఆమె ఏ తేదీ చెప్పదు. ఏ కరువులో, ఏ తిరునాళ్లలో, ఎవరి పెళ్లయిన ఏడు, ఏ పంట పోయిన ఏడు అని చెబుతుంది. అది పట్టుకుని వెళితేనే రికార్డు నోరు విప్పుతుంది. ఆ మాట లేకుండా వెళ్లినవాడికి వేల పేర్లు కనపడతాయి గానీ తన తాత కనపడడు.

మా ముత్తాత విషయంలో నాకు దారి చూపింది మా నాయనమ్మ. ఆమె ఆయనకు కోడలు. "మీ ముత్తాత కరువులో పుట్టినోడురా అబ్బాయ్, అందుకే కంచంలో మెతుకు వదలనిచ్చేవాడు కాదు" అనేది. పల్నాట్లో కరువు అంటే ఏ కరువు? పెద్దవాళ్లు చెప్పుకునేవి రెండున్నాయి. ఒకటి నందన కరువు, 1832-33 నాటిది. దాన్నే డొక్కల కరువన్నారు. అప్పటి గుంటూరు జిల్లాలో 5 లక్షల జనం ఉంటే 2 లక్షల మంది దాకా పోయారని దొరతనం వారి లెక్క. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి, మిగిలినవాళ్లు ఎటో వలసపోయారు. మా ప్రాంతంలో చాలా కుటుంబాల వంశవృక్షం ఆ ఏడుకు ఇవతలే ఆగిపోవడానికి అదొక పెద్ద కారణమని నా నమ్మకం. రెండోది ధాత కరువు. 1876-78 మధ్య మద్రాసు రాజధాని అంతటినీ కుదిపిన కరువిది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు.

తెలుగు సంవత్సరాలతో ఒక చిక్కుంది. 60 ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. నందన 1832లో వచ్చింది, 1892లో వచ్చింది, 1952లో మళ్లీ వచ్చింది. అందుకని ఒక్క సంవత్సరం పేరు పట్టుకుని లెక్క కట్టకూడదు, పక్కన ఇంకో ఆధారం ఉండాలి. మాకు అది మునసబు రాసిన చావుల రిజిస్టరులో దొరికింది. 1939లో ముత్తాత పోయినప్పుడు వయసు 63 అని రాశారు. ఆ వరసలో వయసులన్నీ ఉజ్జాయింపులే, సగానికి సగం 50, 60, 70 అని సున్నాతో ముగిసే అంకెలే ఉంటాయి. అయినా 39లో 63 అంటే 1876. నాయనమ్మ చెప్పిన కరువూ మునసబు రాసిన వయసూ ధాత దగ్గర కలిశాయి.

అదే రిజిస్టరులో 1918 పేజీలు తిప్పితే గుండె బరువెక్కుతుంది. చావుకు కారణం రాయాల్సిన గడిలో వరసగా ఒకటే మాట: జ్వరం, జ్వరం, జ్వరం. మొదటి ప్రపంచ యుద్ధం చివర దేశదేశాలూ పాకిన ఇన్‌ఫ్లుయెంజా అది. మునసబుకు ఆ పేరు తెలియదు, జ్వరమని రాశాడు. ముత్తాత ఇద్దరు బిడ్డలు ఆ వరసలోనే ఉన్నారు. వాళ్ల సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

ఇక ఎడ్ల కథ. నాయనమ్మ మాటల్లోనే చెబుతాను: "నన్ను కాపురానికి తెచ్చిన యేడే అది. ఊళ్లో అందరూ కోటప్పకొండ తిరణాలకు బండ్లు కడతా ఉంటే మన బండి కట్టలా. ఎడ్లు బందెలదొడ్డిలో ఉండె. హనుమంతును కాల్చారని కబురు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది."

దీనికి వెనక ఉన్న సంగతి కొంత చెప్పాలి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండలూ అడవులూ రిజర్వు కింద పోయాయి. అంతకుముందు గొడ్లు మేపుకున్న చోటే మేపుకోవడానికి పుల్లరి కట్టాల్సి వచ్చింది. కట్టకుండా మేపితే గొడ్లను పట్టుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టేవారు, జరిమానా కడితేనే విడిచేవారు. ఏటా వానలు నమ్మలేని పల్నాట్లో పంట ఎండినా గొడ్డు ఉంటే రైతు నిలబడతాడు. ఆ గొడ్డు మీదే పన్ను పడింది. సహాయ నిరాకరణ రోజుల్లో, 1921లో, ఇక్కడి జనం పుల్లరి కట్టం అన్నారు. వచ్చిన అధికారులకు చాకలి, మంగలి పనులు కూడా అందకుండా సాంఘిక బహిష్కారం పెట్టారు. ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ ఉద్యమం కారణంగానే జైలుకెళ్లారు. మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు ముందు నిలబడి 1922 ఫిబ్రవరి 22న పోలీసు తూటాలకు నేలకొరిగాడు. అప్పుడు గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్.

నాయనమ్మకు 1922 అని తెలియదు, ఫిబ్రవరి అని తెలియదు. తిరణాల అని తెలుసు. కోటప్పకొండ తిరునాళ్లు మహాశివరాత్రికి, అంటే మాఘ బహుళ చతుర్దశికి. హనుమంతు పోయిన 22వ తేదీ దుర్మతి నామ సంవత్సరం మాఘ బహుళంలోనే పడింది, శివరాత్రి ఇంకా రెండు మూడు రోజులు ఉందనగా. చదువురాని మనిషి అరవై ఏళ్ల తర్వాత చెప్పిన మాట పంచాంగంతో అంత దగ్గరగా కలిసింది.

తర్వాత నేను సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాను. 1983 తర్వాతి దస్తావేజులైతే ఇప్పుడు కంప్యూటర్లోనే వెతకొచ్చు. అంతకు ముందువాటికి ఇండెక్సు పుస్తకాలే గతి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల మీద, రెండో ఇండెక్సు ఊరు, ఆస్తి మీద. మన వాళ్ల పేరు నాలుగు రకాలుగా రాసి ఉంటుంది కాబట్టి రెండో ఇండెక్సు నుంచి వెళ్లడం మంచిది. ఊరు పట్టుకుని 1921 నుంచి చూసుకుంటూ వస్తే 1922 మార్చి మొదటి వారంలో ఒక తనఖా దస్తావేజు ఉంది. నకలు తీయించాను.

రాసి ఇచ్చినవాడు మా ముత్తాత. మెట్ట భూమి రెండెకరాల చిల్లర, 150 రూపాయలకు తనఖా. తీసుకున్న కారణం: "ఎడ్ల నిమిత్తమున్ను, సర్కారు బాకీల నిమిత్తమున్ను". కింద వేలిముద్ర, దాని పక్కన ఇది ఫలానావాడి నిశానీ అని దస్తావేజు రాసినాయన రాత. తేదీ రెండు రకాలుగానూ వేశారు, ఇంగ్లీషు తేదీ ఒకటి, దుర్మతి సంవత్సరం ఫాల్గుణ శుద్ధం అని ఇంకొకటి. తిరునాళ్లయిన రోజుల్లోనే! జరిమానా కట్టాడా, కట్టలేక కొత్త ఎడ్లు కొన్నాడా అన్నది దస్తావేజులో లేదు. ఎడ్లు పోయాయన్నది మాత్రం ఇప్పుడు మా ఇంట్లో కథ కాదు.

పాత దస్తావేజు చేతికొస్తే చాలామంది రొక్కం ఎంత, సర్వే నంబరు ఎంత అని చూసి పక్కన పెడతారు. నేనైతే చెక్కుబందీ చదువుతాను. తూర్పున ఎవరి చేను, దక్షిణాన ఎవరి మళ్లు, పడమర డొంక, ఉత్తరాన వాగు. ఆ నాలుగు హద్దుల్లో నూరేళ్ల కిందటి ఇరుగుపొరుగు ఉంటారు. మా దస్తావేజులో ఉత్తరపు హద్దు "రిజర్వు అడవి సరిహద్దు రాళ్లు" అని ఉంది. చేను గట్టు దాటితే సర్కారు అడవి. ఎడ్లు ఎలా దొరికిపోయాయో చెప్పడానికి ఇంకో సాక్షి అక్కర్లేదు.

వెతికేవాళ్లు తెలుసుకోవాల్సిన చిక్కులు కొన్ని ఉన్నాయి. మొదటిది జిల్లా. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అంతకుముందు గుంటూరు. అయితే ఆ గుంటూరు జిల్లాను 1859లో తీసేసి కృష్ణాలో కలిపారు, 1904లో మళ్లీ విడదీశారు. అందుకే 1880 నాటి కాగితం మీద మాచర్ల కృష్ణా జిల్లాలో ఉంటుంది, చూసి కంగారు పడకూడదు. 1953 దాకా మనం మద్రాసు కిందే ఉన్నాం కాబట్టి పైస్థాయి ఫైళ్లు ఎన్నో చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెండోది ఫసలీ. ఊరి లెక్కలు ఫసలీ సంవత్సరంతో నడుస్తాయి, అది జులై 1న మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే ఆ జులై వచ్చిన ఇంగ్లీషు సంవత్సరం తెలుస్తుంది. ఫసలీ 1331 అంటే 1921 జులై నుంచి 1922 జూన్ దాకా, సరిగ్గా పుల్లరి ఏడు.

భూమి ఉన్నవాళ్లకు ఆర్.ఎస్.ఆర్. అనే సెటిల్‌మెంటు రిజిస్టరు ఉంది, పంట లెక్కల అడంగళ్లున్నాయి. పట్టా భూమి లేనివాళ్ల మాటేమిటని అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. 1858లో ఇనాం కమిషన్ వేసి ఊరూరా ఇనాములన్నీ విచారించారు. ఆ విచారణలో తయారైన ఫెయిర్ రిజిస్టరులో గుడి పూజారే కాదు, తలారి, వెట్టి, నీరుగంటి, చాకలి, మంగలి, వడ్రంగి మాన్యాలు కూడా ఉన్నాయి. మాన్యం ఎవరిది, అతని వయసెంత, మొదట ఎవరికిచ్చారు, అతనికి ఇతను ఏమవుతాడు అని గడులు గడులుగా రాశారు. పట్టాదారు రైతుకు దొరకని రెండు మూడు తరాలు ఒక తలారి కుటుంబానికి ఒక్క పేజీలో దొరకడం నేను చూశాను. క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లున్నాయి. అమెరికా నుంచి 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1849లో గురజాల చేరాడు. బాప్తిస్మం రిజిస్టరు ఉన్న చోట పాత పేరు, తండ్రి పేరు, ఊరు వెతకండి. నాగార్జునసాగర్ కింద మునిగిన కృష్ణ ఒడ్డు ఊళ్లవాళ్లకైతే భూసేకరణ అవార్డు కాగితాలే ఊరు. నీళ్ల కింద పోయిన ఇంటికి, చెట్టుకు, బావికి ఎవరికెంత ఇచ్చారో పేరుపేరునా అక్కడుంటుంది.

కాగితం లేని చోట కంఠం ఉంది. పిచ్చిగుంట్లవారు, ఇప్పుడు వంశరాజులంటున్నాం, రైతు కుటుంబాల గోత్రాలూ వంశాలూ పాడేవారు. కార్తీక అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవం మొదలైతే వీరాచారవంతులు తమ తమ ఊళ్ల నుంచి కొణతాలనే వీరుల ఆయుధాలు తీసుకుని వస్తారు, ఫలానా వీరుడి ఇంటివాళ్లం అని చెప్పుకుంటారు. ఆ మాటంటే నాకు గౌరవం. అయితే పన్నెండో శతాబ్దపు వీరుడి నుంచి నేరుగా తన తాత దాకా గీత గీసుకొచ్చి ఇది రికార్డు కింద రాయండి అనేవాళ్లతో మాత్రం ఒప్పుకోను. మధ్యలో ఏడు వందల ఏళ్లు, డొక్కల కరువు, ఎన్ని వలసలు! ముందు 1860ల దాకా గట్టిగా వెళ్లండి, ఆ పైన ఉన్నదాన్ని నమ్మకమని రాసుకోండి.

అన్నిటికంటే కష్టం ఆడవాళ్ల జాడ. శిస్తు కట్టేవాడి పేరే లెక్కల్లోకి ఎక్కుతుంది. మా ముత్తాత భార్య పేరు ఊరి లెక్కల్లో మొదటిసారి కనపడింది 1939 తర్వాతే, పట్టా మార్పిడిలో, "మృతుని భార్య" అని. అప్పటికి ఆమె ఆ చేలో నలభై ఏళ్లు కలుపు తీసి ఉంటుంది. ఆమె పుట్టిల్లు ఎక్కడో ఇంట్లో ఎవరికీ తెలియదు. "రెంటచింతల వైపంట" అనే దాకే నాయనమ్మ చెప్పగలిగింది.

ఆడపిల్లల జాడకు ఒక మంచి కాగితం ఉంది: పసుపు కుంకుమల దస్తావేజు. మన వైపు కాస్త కలిగినవాళ్లు పెళ్లప్పుడు కూతురికి పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో రాసిచ్చేవారు. అందులో ఇచ్చేవాడి ఇంటిపేరు, ఊరు, కూతురి పేరు, అల్లుడి పేరు, అల్లుడి ఊరు, అన్నీ ఒకే చోట ఉంటాయి. అందుకే రెంటచింతల చుట్టుపక్కల ఊళ్లకు రెండో ఇండెక్సు పట్టుకుని కూర్చున్నాను. ముత్తాత పెళ్లి అటూ ఇటూగా 1895 అనుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాను. 1897లో దొరికింది. ఎకరం నల్లరేగడి, రాసిచ్చింది ఆమె తండ్రి, అల్లుడిగా మా ముత్తాత పేరు, మా ఊరు. ఆమె పేరు ముందు ఆమె పుట్టింటి ఇంటిపేరుంది. మా కుటుంబంలో ఎవరూ ఆ ఇంటిపేరు వినలేదు. ఆ ఎకరం ఏమైందో చూడటానికి అదే ఊరి ఇండెక్సు ముందుకు తిప్పాను. 1922 ఏప్రిల్‌లో, మా ముత్తాత చేను తనఖా పెట్టిన మరుసటి నెలలో, ఆమె ఆ ఎకరం అమ్మేసింది. కారణం రాసిన చోట "ఎడ్ల ఖరీదు నిమిత్తము" అని ఉంది.