పక్షుల చిత్తరువులు

మా రావిర్యాల చెరువుగట్టున తెల్లకొంగలను మే మెన్ని వందలమార్లు చూచితిమో చెప్పజాలము. అయినను ఒకనాడు మా చిన్నది కొంగబొమ్మ గీయుమని మారాము చేయగా, బలపము పట్టి కూర్చుండి, దాని ముక్కు ఏ వన్నెయో, కాళ్ళు ఏ వన్నెవో జ్ఞప్తికి రాక సిగ్గుపడితిమి. హంసలను, చక్రవాకములను వర్ణించు పద్యములు మాత్రము నోటికి వచ్చుచుండెను! మరునాడు పోయి చూచితిమి. ముక్కు నలుపు, కాళ్ళు నలుపు. పాదములు మాత్రము పసుపు పూసినట్లున్నవి.

నాటినుండి పక్షులను చిత్రించినవారిపై మాకు గౌరవము హెచ్చినది. వారిలో ఒక స్త్రీని గూర్చి సోదరీమణులకు తెలుపవలెనని యిది వ్రాయుచున్నాము.

ఎలిజబెత్ గ్విల్లిమ్ 1763లో ఇంగ్లండున జన్మించెను. భర్త సర్ హెన్రీ గ్విల్లిమ్ చెన్నపట్టణమున న్యాయాధిపతిగా నియమింపబడగా, 1801లో చెల్లెలితో గూడ ఇచ్చటికి వచ్చెను. వచ్చి ఊరకుండలేదు, మన తెలుగు నేర్చుకొనెను. పక్షుల చిత్తరువులు వ్రాసెను. వానిలో నూటయిరువదికి పైగా నేటికిని నిలిచియున్నవి. పెక్కింటిని పక్షి యెంతయో అంత పరిమాణముననే వ్రాసినది. నిలువెత్తు పక్షిచిత్రములకు లోకప్రసిద్ధి గాంచిన అమెరికా చిత్రకారుడు ఆడుబాన్ తన గ్రంథమును వెలువరింప నారంభించుట కప్పటికి ఇంకను ఇరువది యేండ్లుండెను. ఆమె 1807లో చెన్నపట్టణముననే మరణించెను. చిత్తరువులు ఎవరికిని తెలియక మూలబడి, 1924లో కేసీ వుడ్ అను వైద్యునికి లండనులో దొరకినవి. ఇప్పుడు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నవి. నూరేండ్లకు పైగా ఒక యింటియాలి శ్రమ ఇట్లు మరుగుపడుట తలచిన మనసు చివుక్కుమనును.

ఇట్టి చిత్తరువున అందమొక్కటే చాలదు. ఈకల వరుస, గోటి వంపు తప్పినచో బొమ్మ ముద్దుగా నుండవచ్చును గాని పక్షిని గుర్తించుటకు పనికిరాదు. చచ్చిన పక్షి చర్మమును దాచినను కన్నుల వన్నె, ముక్కు కాళ్ళ వన్నె నిలువవు. వానిని నిలుపునది రంగుల చిత్తరువే. జహంగీరు పాదుషా కొలువున ఉస్తాద్ మన్సూర్ చిత్రించిన సైబీరియా బెగ్గురుపక్షి ఐరోపా పండితుల శాస్త్రగ్రంథమున కెక్కినది 1773లో. అనగా నూరేండ్లకు పైగా గడచిన పిదప.

మన కడప జిల్లా కలివికోడి మాటయో? 19వ శతాబ్దమున జెర్డన్ అను వైద్యుడు లోకమునకు తెలిపిన యీ నిశాచరపక్షి 1900 తరువాత కానరాక నశించినదనియే తలపబడెను. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు దాని బొమ్మను పల్లెవాసులకు చూపుచు వెదకగా, 1986లో సిద్ధవటము చెంత చిట్టడవిలో మరల దొరకినది.

2008లో శంషాబాదున విమానాశ్రయము తెరచినది మొదలు మా ప్రాంతమున రోడ్లు, కట్టడములు పెరిగినవి. చెరువునకు ఏ పక్షి వచ్చెడిదో, ఏది రాక మానినదో చెప్పుటకు మాయొద్ద ఒక్క బొమ్మయైనను లేదు. ఇప్పుడు మా చిన్నది లెక్కలపుస్తకపు వెనుకపుటలలో పక్షులను గీసి ప్రక్కన తేదీ వేయుచున్నది. మొన్న లకుముకిపిట్ట గొంతు తెలుపో గోధుమయో తేలక, అన్నము ముందు విడిచి చెరువునకు పరుగెత్తినది.