ముప్ఫయ్యవ పోరు జరగలేదు

పహిల్వానుల కథలు మన ఇండ్లకు కొత్తవి కావు. హైదరాబాదు పాతబస్తీ తాలీంఖానాలలో ఒంటికి మట్టి పూసుకుని కుస్తీ పట్టిన వారి పేర్లను తాతలు మనుమలకు నేటికీ చెబుతూనే ఉంటారు. అయితే ఈ తరం పిల్లలు ఫోన్లలో చూసి మురిసిపోతున్న పహిల్వాను వేరు. నెత్తిన గొర్రె ఉన్నితో చేసిన పెద్ద టోపీ, ముఖాన నిండైన గడ్డం, గెలిచిన మరుక్షణం బరిలోనే సజ్దా. అతడే రష్యా దేశపు దాగెస్తాన్‌కు చెందిన ఖబీబ్ నూర్‌మగొమేదోవ్. వృత్తి పోరాటాలు 29, విజయాలు 29, ఓటమి ఒక్కటీ లేదు.

ఈ లెక్క మన అబ్బాయిలకు కంఠతా వచ్చు. ఆ 29 విజయాలను గురించి వారికి మేము కొత్తగా చెప్పగలిగింది స్వల్పమే. కానీ అతని జీవితంలో అన్నిటికంటె పెద్ద విజయం, అతడు చేతులారా వదులుకున్న ముప్ఫయ్యవ పోరు అని మా అభిప్రాయం. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని చదువుకోదగిన కథ అది. దానిని తెలుసుకోవాలంటే మొదట ఆ కొండ ప్రాంతానికి వెళ్లాలి.

ఇంటి క్రింది అంతస్తులో తాలీంఖానా

కాస్పియన్ సముద్రానికి పడమటి ఒడ్డున, కాకసస్ పర్వతాల నడుమ ఉన్న ప్రాంతం దాగెస్తాన్. ముప్ఫైకి పైగా భాషలు మాట్లాడే చిన్న చిన్న జాతుల వారు అక్కడ నివసిస్తారు. వారిలో అత్యధికులు ముస్లింలు. మన పల్లెల్లో సందు సందునా క్రికెట్ కనిపించినట్లు, అక్కడ ఊరూరా కుస్తీ కనిపిస్తుంది. ఒలింపిక్ కుస్తీలో పతకాలు సాధించిన వీరులు అనేకులు ఆ నేల బిడ్డలే.

ఆ ప్రాంతంలోని సిల్దీ అనే కొండ గ్రామంలో 1988 సెప్టెంబర్ 20న ఖబీబ్ జన్మించాడు. అవార్ జాతికి చెందిన కుటుంబం. తండ్రి అబ్దుల్‌మనాప్ సైన్యంలో పనిచేసినవారు, జూడో, సాంబో విద్యలలో ఆరితేరినవారు. సాంబో అంటే సోవియట్ కాలంలో రూపుదిద్దుకున్న కుస్తీ వంటి యుద్ధవిద్య. ఆయన తమ ఇంటి క్రింది అంతస్తునే తాలీంఖానాగా మార్చి ఊరి పిల్లలకు శిక్షణ ఇచ్చేవారు. మెట్లు దిగితే ఉస్తాద్, మెట్లు ఎక్కితే తండ్రి. ఖబీబ్ పెరిగినది ఆ రెండింటి మధ్యనే. పైన తల్లి, క్రింద చాప, చుట్టూ తనవంటి పిల్లలు.

తొమ్మిదేళ్ల ఖబీబ్ గొలుసుతో కట్టిన ఎలుగుబంటి పిల్లతో పెనుగులాడే వీడియో లోకమంతా తిరిగింది. దానిని చూసి అబ్బురపడేవారు ఒక విషయం మరచిపోతారు. అతనిని వీరునిగా మలచినది ఎలుగుబంటి కాదు, ఏళ్ల తరబడి ఒకే పట్టును వేలసార్లు మళ్లీ మళ్లీ చేయించిన తండ్రి ఓపిక. ఆ ఓపికను ఎవరూ వీడియో తీయలేదు.

ఎనిమిది మూలల బరి

మిశ్రమ యుద్ధవిద్యల పోటీలో ఇనుప వల కంచె చుట్టిన బరిలోకి ఇద్దరు దిగుతారు. గుద్దవచ్చు, తన్నవచ్చు, ఎత్తి పడవేయవచ్చు, నేలపై అదిమి పట్టవచ్చు. ఒక్కో రౌండు ఐదు నిమిషాలు. మామూలు పోరులో మూడు రౌండ్లు, టైటిల్ పోరులో ఐదు. పట్టు భరించలేనివాడు చేత్తో తట్టితే ఓటమి ఒప్పుకున్నట్లు. ఈ పోటీలను నిర్వహించే సంస్థలలో అతి పెద్దదైన యూఎఫ్‌సీ 1993లో అమెరికాలో మొదలైంది.

ఖబీబ్ 2008లో వృత్తి పోరాటాలు ప్రారంభించాడు. 2009, 2010 సంవత్సరాలలో పోరాట సాంబోలో ప్రపంచ విజేత అయ్యాడు. 16 వరుస విజయాల అనంతరం యూఎఫ్‌సీ పిలుపు అందుకుని, 2012 జనవరిలో అందులో తొలి విజయం సాధించాడు. అతని పద్ధతి చూడడానికి సులువు, అడ్డుకోవడం కష్టం. ఎదుటివానిని కంచె వద్దకు నెట్టడం, నడుమో కాళ్లో పట్టి పడగొట్టడం, లేవనీయకుండా బరువంతా మోపి ఊపిరి సలపనివ్వకపోవడం. 2013 మేలో ఒకే పోరులో ప్రత్యర్థిని 21 మార్లు పడగొట్టి రికార్డు సృష్టించాడు. మొత్తం 29 విజయాలలో 11 పట్టు బిగించి లొంగదీసినవి, 8 దెబ్బల ధాటితో ముగిసినవి, 10 న్యాయనిర్ణేతల తీర్పుతో వచ్చినవి.

ఈ బరిలో అతడు తన ధర్మాన్ని దాచుకోలేదు. రంజాన్ నెలలో పోరాడనన్నాడు. 2018లో పత్రికల వారి ఎదుట ప్రత్యర్థి తన సొంత విస్కీని అందించబోతే త్రాగనని తిరస్కరించాడు. తన భార్యాపిల్లలను కెమెరాల ముందుకు తీసుకురాలేదు. కోట్ల డాలర్లు చేతులు మారే లోకంలో ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు. కానీ చిన్న విషయాలలో గట్టిగా నిలబడలేనివాడు పెద్ద పరీక్ష ఎదురైనప్పుడు నిలబడడం అరుదు.

వీడియోలలో కనిపించని మూల్యం

మన అబ్బాయిలకు ఈ కథ చెప్పేటప్పుడు మరో ప్రక్కను కూడా చూపించడం మన బాధ్యత. 2014 ఏప్రిల్ నుండి 2016 ఏప్రిల్ వరకు, రెండు సంపూర్ణ సంవత్సరాలు, ఖబీబ్ ఒక్క పోరు కూడా చేయలేకపోయాడు. మోకాలి గాయాలు, శస్త్రచికిత్సలు అతనిని కూలదీశాయి. ఆట మానుకుందామన్న ఆలోచన కూడా కలిగింది. ఈ పోటీలలో నిర్ణీత బరువుకు దిగడానికి పోటీదారులు ఒంట్లోని నీటిని కూడా పిండివేసుకుంటారు. 2017 మార్చిలో అలా బరువు తగ్గించుకుంటూ ఖబీబ్ ఆసుపత్రి పాలయ్యాడు, ఆ పోరు రద్దయింది.

తలకు పదే పదే తగిలే దెబ్బలు మెదడుకు చేసే హాని గురించి వైద్యులు ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. ముఖంపై కొట్టరాదన్న దైవప్రవక్త (సఅసం) బోధన దృష్ట్యా ధర్మపండితులు అనేకులు ఇటువంటి పోటీల పట్ల అభ్యంతరం తెలిపారు. కాబట్టి ఖబీబ్‌ను మెచ్చుకోవడం వేరు, ప్రతి పిల్లవాడిని ఆ బరిలోకి పంపడం వేరు. వ్యాయామం, కుస్తీ, ఆత్మరక్షణ విద్య ఒంటికీ మనసుకూ మేలు చేసేవే. వాటిని నేర్చుకోవడానికి ఎవరి దవడనూ పగలగొట్టనవసరం లేదు.

గెలిచిన రాత్రి జరిగిన ఓటమి

2018 ఏప్రిల్‌లో ఖబీబ్ 155 పౌండ్ల విభాగంలో యూఎఫ్‌సీ విజేత అయ్యాడు. అదే సంవత్సరం అక్టోబర్ 6న లాస్ వేగాస్‌లో ఐర్లండ్‌కు చెందిన కానర్ మెక్‌గ్రెగర్‌తో తలపడ్డాడు. అంతకు ముందు నెలల తరబడి ప్రత్యర్థి అతని ధర్మాన్నీ, దేశాన్నీ, తండ్రినీ నోటికొచ్చినట్లు అన్నాడు. ఖబీబ్ నాలుగవ రౌండులో మెడపట్టు బిగించి అతనిని లొంగదీశాడు. కథ అక్కడితో ముగిసి ఉంటే ఎంత బాగుండేది!

కానీ విజయం దక్కిన క్షణాలలోనే ఖబీబ్ కంచె దూకి ప్రత్యర్థి సహచరునిపైకి లంఘించాడు. బరి లోపలా వెలుపలా కొట్లాట చెలరేగింది. బరిలో ఇరవై నిమిషాలు అయినా నిండకముందే పగవాడిని జయించినవాడు, మరుక్షణంలో తన కోపం చేతిలో ఓడిపోయాడు. కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపు చేసుకోగలిగినవాడే అసలైన బలవంతుడన్న ప్రవక్త (సఅసం) బోధన మనకు తెలియనిది కాదు. ఆ రాత్రి ఖబీబ్‌కూ అది తెలుసు. తెలిసి ఉండడం వేరు, ఆ క్షణాన గుర్తుండడం వేరు.

అటు తర్వాత జరిగినది గమనించదగినది. అతడు పత్రికల వారి ముందుకు వచ్చి క్షమాపణ కోరాడు, ఇది తన మంచి ముఖం కాదని ఒప్పుకున్నాడు, ఇంటికి వెళితే తండ్రి ఏమంటారోనన్న జంకు దాచుకోలేదు. నెవాడా రాష్ట్ర క్రీడా కమిషన్ తరువాత ఐదు లక్షల డాలర్ల జరిమానా, తొమ్మిది నెలల నిషేధం విధించింది. అబ్దుల్‌మనాప్ కొడుకును వెనకేసుకు రాలేదు. తనకు క్రమశిక్షణే ముఖ్యమనీ, సంస్థ వేసే శిక్షకంటె తన శిక్ష కఠినంగా ఉంటుందనీ బహిరంగంగా చెప్పారు. ప్రపంచ విజేత అయిన ముప్ఫై ఏళ్ల కొడుకును గురించి ఒక తండ్రి అలా చెప్పగలగడం, ఆ కొడుకు దానిని తలవంచి వినగలగడం, రెండూ మనం ఆలోచించవలసినవే.

తండ్రి లేని బరి

అమెరికా వీసా దొరకక అబ్దుల్‌మనాప్ అక్కడి పోరాటాల వేళ కొడుకు ప్రక్కన నిలబడలేకపోయారు. ఆ కోరిక 2019 సెప్టెంబర్ 7న అబూదాబీలో తీరింది. ఆ రాత్రి డస్టిన్ పోయిరియర్‌ను మూడవ రౌండులో ఓడించిన ఖబీబ్, అతనితో చొక్కాలు మార్చుకున్నాడు. ఆ చొక్కా అమ్మగా వచ్చిన సొమ్ము ప్రత్యర్థి నడిపే సేవాసంస్థ పనులకు చేరింది. ఏడాది క్రితం కంచె దూకినవాడు, ఈసారి ఓడినవానిని గౌరవించి పంపాడు. తండ్రి విధించిన శిక్ష ఏమిటో లోకానికి తెలియదు గాని, దాని ఫలితం మాత్రం కనిపించింది.

యూఎఫ్‌సీ బరి ప్రక్కన తండ్రి నిలబడడం అదే మొదలు, అదే చివర. కరోనా సోకి, దాని వలన గుండె దెబ్బతిని, అబ్దుల్‌మనాప్ 2020 జూలై 3న మాస్కోలో కన్నుమూశారు. వయసు 57 ఏండ్లు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

అదే సంవత్సరం అక్టోబర్ 24న, ప్రేక్షకులకు ప్రవేశం లేని అబూదాబీ బరిలో, ఖబీబ్ జస్టిన్ గేత్జీతో తలపడి రెండవ రౌండులో కాళ్లతో మెడపట్టు బిగించి గెలిచాడు. గెలిచిన వెంటనే బరి మధ్యన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఓడిన గేత్జీయే వచ్చి ఓదార్చాడు. ఖబీబ్ చేతి తొడుగులు విప్పి నేలపై పెట్టాడు. ఇదే తన చివరి పోరన్నాడు. తండ్రి లేకుండా బరిలోకి దిగడం తల్లికి ఇష్టం లేదనీ, మూడు రోజులు ఆమెతో మాట్లాడి ఇదే ఆఖరుదని మాట ఇచ్చాననీ చెప్పాడు.

ఇక్కడే అసలు పరీక్ష మొదలైంది. కొడుకు 30 విజయాలతో బరిని వీడాలన్నది జీవించి ఉన్నప్పుడు తండ్రి కోరిక. 29 దగ్గర ఆగమన్నది బ్రతికి ఉన్న తల్లి మనసు. ఒక్క పోరు చాలు, తండ్రి కోరిక తీరుతుంది, అడిగినంత సొమ్ము వస్తుంది, లెక్క గుండ్రంగా ముగుస్తుంది. సంస్థ అధ్యక్షుడు స్వయంగా నచ్చజెప్పి చూశారు. అభిమానులు వేడుకున్నారు. ఖబీబ్ మాట మార్చలేదు. 2021 మార్చిలో సంస్థ అతని విరమణను అంగీకరించక తప్పలేదు. 2022లో తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి స్థానం ఇచ్చింది.

ఆ పైన ఖబీబ్ తండ్రి వదిలి వెళ్లిన పనిని అందుకున్నాడు. అబ్దుల్‌మనాప్ చేతి క్రింద పెరిగిన ఇస్లాం మఖాచేవ్ 2022 అక్టోబర్‌లో అబూదాబీలోనే అదే విభాగపు బెల్టును గెలిచినప్పుడు, ప్రక్కన నిలబడిన ఉస్తాద్ ఖబీబే. 2023 ఆరంభంలో కుటుంబంతో గడపడానికని ఆ బాధ్యతనూ కొంతకాలం ప్రక్కన పెట్టాడు.

మన ఇండ్లలో

అజేయునిగా నిలవడం అందరికీ సాధ్యం కాదు. అమ్మకు ఇచ్చిన మాట నిలుపుకోవడం మాత్రం ప్రతి ఇంటిలోని ప్రతి బిడ్డకూ సాధ్యమే. ఈసారి మన అబ్బాయి ఖబీబ్ వీడియో చూస్తూ ఉంటే ఫోను లాక్కోకండి. ప్రక్కన కూర్చుని చూడండి. పట్టు ఎలా వేశాడో అతనిని చెప్పనివ్వండి. తర్వాత, ఆ ముప్ఫయ్యవ పోరు ఎందుకు జరగలేదో మీరు చెప్పండి.