గుండె పై గదులు: కర్ణికలు

గుండె జబ్బు అనగానే మనకు రక్తనాళాలలోని అడ్డంకులే స్ఫురిస్తాయి. గుండె పైభాగంలోని రెండు గదుల మాట ఎవరూ తలవరు. అయితే పక్షవాతానికి ఒక ముఖ్య కారణం అక్కడే పుడుతుంది.

గుండెలో నాలుగు గదులు ఉన్నాయి. పై రెండు కర్ణికలు, క్రింది రెండు జఠరికలు. ప్రతి కర్ణికకూ చెవిని పోలిన చిన్న సంచి వంటి భాగం ఉంటుంది. కర్ణమంటే చెవి, పేరు అందుకు తగినట్లే ఉంది.

శరీరమంతా తిరిగి ప్రాణవాయువు తగ్గిన రక్తం కుడి కర్ణికకు చేరుతుంది. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును నింపుకున్న రక్తం పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు వస్తుంది. ఈ రక్తాన్ని క్రిందనున్న జఠరికలోకి పంపడమే కర్ణికల పని. అందుచేత వాటి గోడలు జఠరికల గోడలకన్నా పలుచన. నిజానికి అధిక భాగం రక్తం తనంతట తానే క్రిందికి జారుతుంది. చివరి ఐదవ వంతు లేదా అంతకు కొంచెం ఎక్కువ రక్తాన్ని మాత్రమే కర్ణిక ముడుచుకొని నెడుతుంది. నడుమనున్న కవాటం దానిని వెనుకకు రానివ్వదు.

ముడుచుకొమ్మనే ఆజ్ఞ కుడి కర్ణిక పైభాగంలోని సిరాకర్ణికా కణుపు నుండి వెలువడుతుంది. 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ దీనిని వర్ణించారు. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఇది సాధారణంగా నిమిషానికి 60 నుండి 100 సార్లు విద్యుత్ ప్రేరణను పంపుతుంది.

వయసు మీరడం, అధిక రక్తపోటు, చిన్నతనంలో వచ్చిన కీళ్లవాత జ్వరం వల్ల కవాటం ఇరుకు కావడం వంటి కారణాలతో ఈ లయ తప్పవచ్చు. అప్పుడు కర్ణికలు ముడుచుకోవడం మాని వణుకుతాయి. దీనినే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. జఠరికలు పనిచేస్తూనే ఉంటాయి కనుక ప్రాణం వెంటనే పోదు. కొందరికి దడ, ఆయాసం కలుగుతాయి. కొందరికి ఏమీ తెలియదు. అపాయం అంతా ఇక్కడే ఉంది. ఎడమ కర్ణికకున్న చెవి వంటి సంచిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ కదిలి మెదడు రక్తనాళాన్ని మూసివేస్తే పక్షవాతం వస్తుంది. ఈ లయలోపం ఉన్నవారికి ఆ ముప్పు సుమారు 5 రెట్లు అధికం.

దీనిని పసిగట్టడానికి తొలి సాధనం మన వ్రేళ్లే. బొటనవ్రేలి మొదట, మణికట్టుపై వ్రేళ్లుంచి ఒక నిమిషం పాటు నాడిని గమనించాలి. దెబ్బకూ దెబ్బకూ నడుమ వ్యవధి ఏ క్రమమూ లేకుండా మారుతుంటే వైద్యుని కలిసి ఇ.సి.జి. తీయించుకోవాలి. గడ్డకట్టకుండా ఆపే మందులు నేడు లభిస్తున్నాయి. అవి ఎవరికి అవసరమో వైద్యుడే నిర్ణయించాలి. ఆరోగ్యం బాగున్నదని రోగి తనకు తానుగా వాటిని మానరాదు.