మీ రక్తమే మీకు మందా?

నెలల తరబడి మోకాలి నొప్పితో బాధపడేవారికి "మీ రక్తంతోనే నయం చేస్తాం" అనే మాట వింటే ప్రాణం లేచివస్తుంది. దానికోసం నగలు కుదువ పెట్టేముందు కాస్త ఆలోచించండి.

పి.ఆర్.పి. చికిత్సలో మీ చేతినుంచి కొద్దిగా రక్తం తీసి, యంత్రంలో గిర్రున తిప్పుతారు. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి నొప్పి ఉన్నచోట ఇంజెక్షన్ ఇస్తారు. గాయం మాన్పే పదార్థాలు ప్లేట్‌లెట్లలో ఉంటాయి గనుక మేలు జరుగుతుందని ఆశ.

మరి గుణం కనిపిస్తుందా? మోకాళ్ళు అరిగిన 288 మందిపై ఆస్ట్రేలియాలో జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. కొందరికి పి.ఆర్.పి., మిగతావారికి వట్టి సెలైన్ ఎక్కించారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు! మడమ వెనుక నొప్పికీ ఇలాగే తేలింది. మోచేతి నొప్పి విషయంలో కూడా గట్టి రుజువు లేదు.

కనుక ముందు నొప్పికి కారణం తేల్చుకోండి. వ్యాయామం, బరువు తగ్గడం వంటివి ఓపికగా చేసి చూడండి. పూర్తిగా తెగిన స్నాయువును ఈ ఇంజెక్షన్ అతకదు.

ప్లేట్‌లెట్లు తక్కువున్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఆ భాగంలో చీము పట్టినవారు డాక్టరుకు ముందే చెప్పాలి. మందులు మాత్రం సొంతంగా మానకండి.

"నా జబ్బుకు ఇది పనిచేస్తుందనడానికి రుజువేమిటి? మొత్తం ఖర్చెంత? గుణం కనిపించకపోతే తర్వాతేమిటి?" అని డాక్టరును మొహమాటం లేకుండా అడగండి. జవాబు సూటిగా రాకపోతే, తొందరపడి చెయ్యి చాపకండి.